దుబారా: ‘మరోసారి’ అనే మాట వృథా ఖర్చుకు పేరైన విధం

డబ్బు ప్రస్తావన వచ్చిన ప్రతి తెలుగు ఇంటిలోను వినిపించే మాట ‘దుబారా’. అవసరానికి మించి, ఫలితం చూడకుండా, వెనుకముందులు ఆలోచించకుండా చేసే వ్యయానికి ఈ పేరు. ‘దుబారా ఖర్చు’ అని విశేషణంగాను, ‘దుబారా చేయు’ అని క్రియగాను, ‘వాడు ఒట్టి దుబారా మనిషి’ అని మనిషికి తగిలించి కూడాను దీనిని వాడుతారు. పత్రికలకు ఈ మాట మీద మక్కువ ఎక్కువ. నాలుగక్షరాలైనా లేని ఈ పదంలో ‘నిష్ప్రయోజనమైన అధిక వ్యయం’ అనే పొడవాటి సంస్కృత సమాసమంతా ఇమిడిపోతుంది కనుక శీర్షికలకు సులువు.

అయితే సరిహద్దు జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మాట ఒక చిక్కు కూడా తెచ్చిపెడుతున్నది. తెలుగులో దుబారా ఒకటి, పక్కనే కన్నడంలో దుబారి మరొకటి, మరాఠీలో దుబార ఇంకొకటి. మూడింటి మూలం ఒక్కటే, అర్థాలు మూడు. ఈ తేడా తెలియక పిల్లలు పరీక్షలలో పొరపడుతున్నారు. పెద్దలు వియ్యాలవారి ముందు పొరపడుతున్నారు. అందుచేత ఈ పదం పుట్టుకను, అది నడచివచ్చిన దారిని కొంత వివరంగా చూడటం అవసరం.

పుట్టుక

దుబారా అచ్చ తెలుగు మాట కాదు, సంస్కృతం నుండి వచ్చినదీ కాదు. పారశీక భాషలో ‘దో’ అనగా రెండు, ‘బార్’ అనగా సారి. ఈ రెండూ కలిసిన ‘దోబారా’ అనే మాటకు రెండవసారి, మరల, తిరిగి అని అర్థం. ఉర్దూ, హిందీ భాషలలో ‘దోబారా’, ‘దుబారా’ అని రెండు విధాలుగాను వినిపించే ఈ మాటకు నేటికీ ఆ అర్థమే ఉన్నది. ‘దుబారా ఆయియే’ అని హిందీలో ఎవరైనా సాగనంపితే ‘మళ్లీ దయచేయండి’ అని మర్యాద చేసినట్లు. అందులో ఖర్చు ఊసే లేదు. పద్యనాటకాలలో మంచి పద్యం విని మనవారు ‘వన్స్‌మోర్’ అని కేక వేసేవారు. ఆ మాటకు సరిగ్గా తూగే మాట దోబారా.

పారశీకంలోని ‘దో’, సంస్కృతంలోని ‘ద్వి’ ఒకే భాషాకుటుంబానికి చెందిన అక్కచెల్లెళ్లు. ఉత్తరాది భాషలలో ‘ద్వి’ కూడా అరిగి ‘దో’, ‘దు’ అయినది. ఈ ‘దు’ మనకు కొత్త కాదు. రెండు భాషలు తెలిసి మధ్యన నిలిచి మాట్లాడేవానిని ‘దుబాసి’ అన్నాము. అది ద్విభాషి నుండి వచ్చిన రూపం. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసిగా ఉండి దినచర్యలు వ్రాసిపెట్టిన ఆనందరంగపిళ్లై (1709–1761) పేరు యానాం పాఠకులకు సుపరిచితమే. ఇక కృష్ణా తుంగభద్రల నడిమి నేలను ‘రాయచూరు దోఆబ్’ అంటారు. దో అనగా రెండు, ఆబ్ అనగా నీరు. ఇరు నదుల నడిమి సీమ, అంటే మన అంతర్వేది వంటిదే. రెండు నదుల మధ్య బ్రతికేవారికి, రెండు భాషల మధ్య బ్రతికేవారికి ఈ ‘దు’ చుట్టమే.

ఈ మాటకు కొందరు వేరొక వ్యుత్పత్తి చెబుతుంటారు. ‘దుర్భారం’ అరిగిపోయి దుబారా అయినదని, ఇంటికి భారమైన ఖర్చు కనుక ఆ పేరు వచ్చినదని వారి వాదం. వినడానికి ఇంపుగానే ఉన్నది గాని నిలవదు. తెలుగులో ‘దుర్భరం’ అనే మాట చెక్కుచెదరకుండా భరించరాని అనే అర్థంలో వాడుకలో ఉన్నది. ఖర్చు అర్థంలోకి అది ఎన్నడూ రాలేదు. పైగా దుబారా చివరనున్న దీర్ఘం దాని పుట్టింటిని పట్టిస్తున్నది. తెలుగు నామవాచకాలు సాధారణంగా దీర్ఘమైన ఆకారంతో ముగియవు. అలా ముగిసే మజా, దగా, తమాషా, హవా, జమా వంటివి అరబ్బీ, పారశీకాల నుండి ఉర్దూ ద్వారా వచ్చినవే. దుబారా ఆ వరుసలోనిది. తిండిపోతుతనాన్ని చెప్పే ‘దూబరతిండి’ని దీనితో కలిపేవారున్నారు. అక్కడ మొదటి అక్షరం దీర్ఘం, చివరిది హ్రస్వం. ధ్వని పోలిక ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాజాలదు. కొడగులో కావేరి ఒడ్డున ఏనుగుల శిబిరం ఉన్న ‘దుబారె’కు గాని, గల్ఫులోని దుబాయికి గాని ఈ మాటతో ముడిపెట్టడం మరీ విడ్డూరం. దుబాయి పోయి వచ్చినవారి ఖర్చు మీద చెప్పుకొనే హాస్యాలకు మాత్రం ఆ పోలిక పనికివస్తుంది.

లెక్కల మాటలు వచ్చిన దారి

ఈ పదం తెలుగులోకి ఒంటరిగా రాలేదు. గోల్కొండను కుతుబ్‌షాహీలు 1518 నుండి 1687 వరకు, బిజాపూరును ఆదిల్‌షాహీలు 1490 నుండి 1686 వరకు ఏలారు. తరువాత అసఫ్‌జాహీలు, దక్షిణాన ఆర్కాటు నవాబులు వచ్చారు. ఈ కాలంలో చాలా భాగం శిస్తు లెక్కలలోను, కచేరీ వ్యవహారాలలోను పారశీకానికి ప్రాముఖ్యం ఉండేది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖజానా, కిస్తు, దస్తావేజు ఇవన్నీ ఆ దారినే ఊరి కరణం చేతిలోకి, అక్కడి నుండి రైతు నోటిలోకి వచ్చాయి. ఇంగ్లీషువారు కూడా ఈ మాటలను తొలగించలేదు, తమ దస్తావేజులలో అలాగే ఉంచుకొన్నారు. సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో హిందుస్తానీ నుండి వచ్చిన మాటలకు ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టాడు. అది చాలక 1854లో ఇటువంటి అన్యభాషాపదాలకే వేరుగా మిశ్రభాషా నిఘంటువును ప్రచురించాడు. న్యాయస్థానాలలో పనిచేసినవాడు కనుక, ఈ మాటలు తెలియనిదే జనం మొర అర్థం కాదని అతనికి అనుభవపూర్వకంగా తెలుసు.

పరభాషాపదాలను తొలగించే ప్రయత్నాలు జరగకపోలేదు. శివాజీ ఏలుబడిలో పారశీక రాజకీయ పదాలకు బదులు సంస్కృత పదాలను కూర్చి ‘రాజ్యవ్యవహారకోశం’ అనే గ్రంథాన్ని సిద్ధం చేయించారు. అయినా మరాఠీ ఇళ్లలో నేటికీ ‘ఖర్చ్’ ఖర్చే. మన వ్యాకర్తలు ఇటువంటి పదాలను అన్యదేశ్యాలన్నారు, కావ్యభాషలో చోటివ్వడానికి వెనుదీశారు. పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) వ్యావహారిక భాష కోసం పోరాడిన తరువాతనే, జనం నోటిలోని మాట పాఠ్యపుస్తకంలోకి రావడానికి దారి ఏర్పడినది. ఆ పోరాటపు ఊరు నేడు ఒడిశాలో ఉండటం సరిహద్దువారు మరువరాని సంగతి.

‘మరోసారి’ నుండి వృథాకు

‘మరల’ అనే నిర్దోషమైన మాటకు ‘దండగ’ అనే దోషం ఎలా అంటినది? దీనికి తగిన సమాధానం లెక్కల పద్దులోనే దొరుకుతుంది. ఒక పనికి ఒక ఖర్చు న్యాయం. ఆ పనికే రెండవసారి డబ్బు పెట్టవలసి వస్తే అది దోబారా ఖర్చు, అనగా రెండవమారు ఖర్చు. మొదట సరిగా చేసి ఉంటే ఆ రెండవ పద్దు ఉండేది కాదు. కనుక రెండవ ఖర్చు అంటే తప్పించుకోదగిన ఖర్చు, తప్పించుకోదగినది కనుక వృథా ఖర్చు. ఈ మెట్లు దిగిన తరువాత ‘రెండు’ అనే అర్థం పూర్తిగా చెరిగిపోయి ‘వృథా’ మాత్రమే మిగిలినది. నేడు తెలుగువారు మొదటిసారి చేసిన ఖర్చును కూడా నిస్సంకోచంగా దుబారా అంటారు.

ఉపాధ్యాయ శిక్షణలో చదివే అర్థపరిణామ సూత్రాలకు ఇది చక్కని ఉదాహరణ. ‘మరల’ అనే విశాలమైన అర్థం ఖర్చుకు మాత్రమే పరిమితం కావడం అర్థసంకోచం. ఆ అర్థం నింద వైపు దిగజారడం అర్థగ్రామ్యత. ఇక డబ్బును దాటి ‘నీటి దుబారా’, ‘విద్యుత్ దుబారా’, చివరకు ‘మాటల దుబారా’ వరకు విస్తరించడం అర్థవ్యాకోచం. ఒకే పదం మూడు దశలను చూపడం అరుదు.

దీనికి తోడుగా మరొక వింత కలదు. పొదుపును మనం ‘ఆదా’ అంటాము. దీనిని హిందుస్తానీలోని ‘అదా’తో ముడిపెడతారు. అక్కడ ‘అదా కర్నా’ అంటే చెల్లించడం, తీర్చడం. అక్కడ చేతినుండి డబ్బు పోవడాన్ని చెప్పే మాట ఇక్కడ చేతిలో మిగలడాన్ని చెబుతున్నది. ‘మరల’ అన్నది దుబారాగా, ‘చెల్లింపు’ అన్నది ఆదాగా మారి, ఏ సంబంధమూ లేని రెండు మాటలు తెలుగులో ఎదురెదురు పదాలై కూర్చున్నాయి. ఉత్తరాది హిందీ పండితుడు ‘దుబారా తగ్గించండి, ఆదా పెంచండి’ అనే తెలుగు గోడరాతను చదివితే ‘మళ్లీ మళ్లీ రావడం తగ్గించి, చెల్లింపులు పెంచమంటున్నారు కాబోలు’ అనుకొనే ప్రమాదం లేకపోలేదు.

పొరుగు భాషలలో

కన్నడంలో ఈ మాట ‘దుబారి’గా మారినది. దాని అర్థం వృథా కాదు, ఖరీదైనది అని. బాగేపల్లి, చింతామణి, పావగడ, బళ్లారి, రాయచూరు సంతలలో తెలుగువారు కూడా ‘టమాటా దుబారి అయింది’ అంటారు. టమాటా ధర పెరిగినదని దాని భావం. ఆ మాటనే అనంతపురం చుట్టం వింటే టమాటాలు పారబోస్తున్నారేమో అనుకొంటాడు. ధర పెరగడాన్ని రాయలసీమ, తెలంగాణలలో ‘పిరం’ అంటారు. అది ‘ప్రియం’ నుండి వచ్చినది. ఉత్తర కర్ణాటకలో ఇదే అర్థంలో ‘తుట్టి’ అనే మాట కలదు. ఉద్యోగుల కరువు భత్యాన్ని కన్నడంలో ‘తుట్టి భత్యె’ అంటారు. తెలుగువాడు ధర పెరుగుదలను కరువుగా చూస్తే, కన్నడిగుడు దానిని ధర పెరుగుదలగానే చూశాడు. మన దుబారాకు సరితూగే కన్నడ పదం ‘దుందువెచ్చ’. అలా ఖర్చు చేసేవాడు ‘దుందుగార’.

ఈ తేడా నవ్వుకొని వదిలేయదగినది మాత్రమే కాదు. ఉదాహరణకు సరిహద్దుకు ఇరువైపులా వియ్యం అందుకొన్న రెండు కుటుంబాలు ఒక ఆడపిల్ల చదువు గురించి మాట్లాడుకొంటున్నాయనుకొందాం. కన్నడ నేలమీద పుట్టి పెరిగిన తల్లి ‘ఆ కాలేజీ చదువు దుబారి’ అన్నది. ఫీజు ఎక్కువ, ఎలా కట్టగలమో ఆలోచించాలి అని ఆమె మనసులోని మాట. వినే ఆంధ్రపు మేనమామకు ‘ఆ పిల్లను చదివించడం దండగ’ అని వినిపించినది. ఒక అచ్చు మారినందుకు తల్లి మీద నింద, పిల్ల మనసుకు గాయం. రాను పోను ఖర్చులు, పుస్తకాలు, హాస్టలు లెక్క వేయడం ఒకటి, చదువే వద్దనడం మరొకటి. ఖరీదైనదంతా దుబారా కాదు, దుబారా అయినదంతా ఖరీదైనదీ కాదు. పది రూపాయలతోనూ దుబారా చేయవచ్చును.

మరాఠీలో ఈ మాటకు మూలార్థం చెడలేదు. అక్కడ ‘దుబార’ అనగా రెండవసారే. నాందేడు, యవత్మాళ్, చంద్రపూర్ ప్రాంతాల రైతులకు ‘దుబార పేరణి’ అనే మాట ఎంత భయంకరమో చెప్పనక్కరలేదు. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే పత్తి, సోయా, కంది విత్తుతారు. తరువాత రెండు మూడు వారాలు చినుకు లేకపోతే మొలక మాడిపోతుంది. మరల విత్తనం కొనాలి, మరల దుక్కి సరిచేయాలి, కూలీలకు మరల కూలి ఇవ్వాలి. మొదటి విత్తుకు తెచ్చిన అప్పు తీరకముందే రెండవ అప్పు. రెండవ విత్తు ఆలస్యమైనది కనుక దిగుబడి కూడా తగ్గుతుంది. అదే దుబార పేరణి. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు తెలుగు రైతులు మరాఠీలో ఈ మాట అంటారు, ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుతారు. రెండవసారి ఖర్చు అనే అసలు అర్థం అక్షరాలా నిలిచి ఉన్నది ఇక్కడే. కాని ఈ ఖర్చును తెలుగు అర్థంలో దుబారా అనడం అన్యాయం. వాన చేసిన నష్టానికి రైతును దుబారా మనిషి అనరాదు. పత్రికల వారు మరాఠీ వార్తను తెలుగులోకి మార్చేటప్పుడు ‘మళ్లీ విత్తడం’ అని వ్రాయాలి గాని ‘దుబారా విత్తనాలు’ అని వ్రాయరాదు.

మన దుబారాకు మరాఠీలో ‘ఉధళపట్టి’ అంటారు. ఉధళణే అంటే వెదజల్లడం, గులాలు ఎగజల్లడం. డబ్బును గులాలులా చల్లడమన్నమాట. ఆ మాటలోని రంగు తెలుగు దుబారాలో లేదని ఒప్పుకోక తప్పదు. మనం ఆ ఉద్రేకాన్ని ‘తగలేశాడు’, ‘తగలబెట్టాడు’ అనే క్రియలతో చూపిస్తాము. మరాఠీవాడు చల్లుతాడు, తెలుగువాడు కాలుస్తాడు.

ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారు ఇంట దుబారా అన్నా, బయట ‘బాజే ఖర్చ’, ‘అపబ్యయ’ అనే మాటలు వింటారు. రెండవది మన అపవ్యయమే, వకారం బకారమైనది. తమిళంలో దుబారాకోరును ‘ఊదారి’ అంటారు, వృథా ఖర్చు ‘వీణ్ సెలవు’. ఈ రెండవ మాట దగ్గర కొంత ఆగవలసి ఉన్నది.

సెలవు, వెచ్చం, ఖర్చు

హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, మధురై ప్రాంతాల తెలుగువారు ‘ఈ నెల సెలవు ఎక్కువైపోయింది’ అంటారు. ఆంధ్ర నుండి వచ్చిన చుట్టం బడికి ఇన్ని సెలవులెందుకిచ్చారని అడుగుతాడు. వారు చెప్పినది ఖర్చు గురించి. ఇది తమిళం కలిసిన అపభ్రంశమని వెక్కిరించేవారున్నారు. ఆ వెక్కిరింత తగదు. పాత తెలుగు నిఘంటువులలో సెలవు అనే పదానికి ఆజ్ఞ, అనుమతి అనే అర్థాలతో పాటు వ్యయం అనే అర్థం కూడా ఉన్నది. ఆంధ్రలో ఆ అర్థం మరుగున పడినది, తమిళనాట తెలుగు ఇళ్లలో తమిళపు ఊతంతో బ్రతికి ఉన్నది. తమిళంలో ‘సెల్’ అంటే పోవు, వెళ్లు. పోయేది సెలవు. వచ్చేది వరవు. మన ‘చెల్లు’, ‘చెల్లింపు’ కూడా ఆ కుదురులోనివే.

ఆశ్చర్యమేమనగా అన్ని భాషలూ ఖర్చును ‘పోవడం’గానే చూశాయి. అరబ్బీలో ‘ఖర్జ్’ అంటే బయటికి వెళ్లడం, దాని నుండే ఖర్చు. సంస్కృతంలో ఆయం, వ్యయం రెండూ పోవుట అనే అర్థం గల ఒకే ధాతువు నుండి పుట్టాయి. ‘ఆ’ చేరితే దగ్గరకు వచ్చినది, ‘వి’ చేరితే విడిచి వెళ్లినది. ఉగాది నాడు పంచాంగంలో మన రాశికి ఆదాయవ్యయాలు చూసుకొనేటప్పుడు ఈ రెండు పదాలే కనబడతాయి. వ్యయం తద్భవమై ‘వెచ్చం’ అయినది. కన్నడంలో ‘వెచ్చ’ అంటే ఖర్చు, తెలుగులో వెచ్చించడం ఖర్చు పెట్టడమే గాని ‘వెచ్చాలు’ మాత్రం ఇంటికి తెచ్చుకొనే పప్పుదినుసులు. ఈ మాటలన్నీ డబ్బు నడకను చెబుతాయి. దుబారా ఒక్కటే ఎన్నిసార్లు అని లెక్క అడుగుతుంది.

ఏది దుబారా కాదు

దుబారాకు పక్కనే నిలిచి వేరైన మాట ‘ధారాళం’. తెలుగు, కన్నడ, తమిళాలు మూడింటిలోను ఇది మంచి మాటే. ధారాళంగా పెట్టేవాడు ఉదారుడు, దుబారాగా పెట్టేవాడు తెలివిమాలినవాడు. ఒకే విందును తిన్నవారు ధారాళమంటారు, అప్పు తీర్చేవారు దుబారా అంటారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధనం విషయంలో మూడు రకాల మనుషుల ప్రస్తావన వస్తుంది. పూర్వులు కూడబెట్టిన ఆస్తిని అక్రమంగా తినేసేవాడు మూలహరుడు. వచ్చినది వచ్చినట్లే ఖర్చు చేసేవాడు తాదాత్వికుడు. తననూ తనవారినీ బాధపెట్టి కూడబెట్టేవాడు కదర్యుడు. మన దుబారా మనిషి ఎక్కువ భాగం తాదాత్వికుడే. పిసినారి అయిన కదర్యుడిని కూడా ఆ శాస్త్రకారుడు దోషుల వరుసలోనే నిలబెట్టడం గమనించదగినది. పల్లెలో మాత్రం పిసినారికి ‘జాగ్రత్తపరుడు’ అనే మంచి పేరు దక్కుతుంటుంది.

దుబారా అనగానే అందరికీ తోచేది పెళ్లి. పందిరి, మేళం, లాంఛనాలు, రెండు పూటల విందు, ఈ కాలంలో వీడియో, డ్రోన్. పొరుగు రాష్ట్రాలలో దీనిమీద గట్టి ఆలోచన జరిగినది. మహారాష్ట్రలో జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజం పురోహితుడు లేని నిరాడంబర వివాహాలను ప్రచారం చేసినది. కర్ణాటకలో మహాకవి కువెంపు ‘మంత్రమాంగల్య’ అనే సరళమైన పద్ధతిని రూపొందించి, 1966లో తన కుమారుడు పూర్ణచంద్ర తేజస్వి వివాహాన్ని ఆ విధంగానే జరిపించారు. తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాలకు 1967 నాటి చట్టసవరణ చెల్లుబాటు కల్పించినది. యానాం కథ దీనికి తలక్రిందులు. 1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టం ఫ్రెంచి ఏలుబడిలోని యానాంకు వర్తించలేదు. చుట్టుపక్కల బ్రిటిషు జిల్లాల నుండి పిల్లలను తీసుకువచ్చి అక్కడ పెళ్లిళ్లు చేసేవారు. అందుకే ఆ ఊరికి కళ్యాణపురం అనే పేరు వచ్చినది. ఆ పెళ్లిళ్ల ఖర్చులో దుబారా ఎంతో ఎవరూ లెక్క వేయలేదు గాని, ఆ చిన్నారులు పోగొట్టుకొన్న బాల్యం ముందు ఆ లెక్క చిన్నదే.

ఇంటిలో ఎవరి ఖర్చు దుబారా అనిపించుకొంటుందో చూస్తే ఈ మాటకున్న అసలు బలం తెలుస్తుంది. యజమాని బీడీ కట్ట దుబారా కాదు, ఇల్లాలి గాజులు దుబారా. కొడుకు మోటారు సైకిలు అవసరం, కూతురు బస్సు పాసు దుబారా. సరిహద్దు ఊళ్లలో దీనికి ఇంకొకటి తోడైనది. పిల్లవానికి తెలుగు వాచకం కొనడం, సాయంత్రం తెలుగు చెప్పించడం దుబారా అనే మాట ఇటీవల తరచుగా వినిపిస్తున్నది. మార్కులు రాని భాషకు డబ్బెందుకనేది వారి ప్రశ్న. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి మొదటి భాష అయిన తరువాత ఈ ప్రశ్న మరింత పదునెక్కినది. రాష్ట్రభాష రాకపోతే బ్రతుకుతెరువు లేదన్నది కాదనలేని సత్యం. అయినా ఒక వాచకం వెల ఎంత, దానితో మిగిలేదేమిటి అని లెక్క వేసిన తరువాతనే దుబారా అనడం న్యాయం. అమ్మమ్మ వ్రాసిన ఉత్తరం చదవడానికి పక్క ఇంటివారిని బతిమాలే పిల్లలు ఈ ఊళ్లలో ఇప్పటికే ఉన్నారు.

వ్రాత, వాడుక

దుబారా అని చివర దీర్ఘంతో వ్రాయడమే శిష్టసమ్మతం. ‘దుబార’ అనే హ్రస్వరూపం మాటలలో వినబడుతుంది, వ్రాతలో తగదు. ‘ధుబారా’ అని ఒత్తుతో వ్రాయడం తప్పు, మూలంలో మహాప్రాణం లేదు. విభక్తులు చేరినప్పుడు పదం మారదు: దుబారాను, దుబారాకు, దుబారాలో. ‘దుబారా వ్యయం’ అనే సమాసంలో ఒక అన్యదేశ్యం, ఒక తత్సమం కలిశాయి గనుక వైరిసమాసమని కొందరు ఆక్షేపిస్తారు. వాడుక దానిని ఏనాడో ఆమోదించినది. అంతగా ఇష్టం లేనివారు ‘దుబారా ఖర్చు’ అని ఇద్దరు పరదేశీలను ఒకచోట కూర్చోబెట్టవచ్చును, లేదా దుర్వ్యయం అనవచ్చును.

కర్ణాటకలో తెలుగు, కన్నడం రెండూ చదివే పిల్లలకు ఒక సూచన. ‘బంగార దుబారి’ అని కన్నడ పత్రంలో వ్రాస్తే అది శుద్ధమైన వాక్యం. అదే వాక్యం తెలుగు పత్రంలో వ్రాస్తే దోషం. అక్కడ ‘బంగారం ఖరీదైనది’ అనో, ‘బంగారం ప్రియమైనది’ అనో వ్రాయవలెను. తెలుగు దుబారాను కన్నడంలోకి మార్చమని అడిగితే ‘దుబారి’ అని కాక ‘దుందువెచ్చ’ అని వ్రాయవలెను. సరిహద్దు దాటిన తెలుగు బడి పంతులు ఎర్ర సిరాతో దుబారిని కొట్టివేసేటప్పుడు, ఆ పిల్లవాడు తప్పు మాట వ్రాయలేదని, ఒక భాషలోని సరైన మాటను మరొక భాషలో వ్రాశాడని అంచున ఒక ముక్క రాయడం మేలు.